మూడో రోజు నిమ్మళం

డాక్టరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను కూర్చోమనలేదు. రెండోసారి వచ్చినప్పుడూ అనలేదు. మూడోసారి ఆమే గోడకానించిన మంచం వాల్చుకుని కూర్చుంది.

పేరు అరుంధతి. కోదాడ పిల్ల. హైదరాబాదులో డాక్టరు చదువు మీద ఇంకో చదువు చదువుతోంది. మెదడులో నరం చిట్లి రక్తం కారితే, ఆ తర్వాతి రోజుల్లో లోపల ఏం జరుగుతుందన్నది ఆమె పరిశోధన. దాని కోసం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దవాఖానాల్లో పాత కేసు కాగితాలు తిరగేసి, ఆ రోగుల ఇళ్లు వెతుక్కుంటూ తిరుగుతోంది. మా ఆవిడ శాంతమ్మ కాగితాలు ఆమెకు సూర్యాపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోములో దొరికాయి. వాటి మీద మా ఊరు పాలకీడు అని, నా పేరు బిక్షం అని ఉన్నాయి. ఇంకేం, వచ్చేసింది.

శాంతమ్మ పోయింది తొంభై నవంబరులో. ఇది తొంభై నాలుగు సెప్టెంబరు. నాలుగేళ్లకు వచ్చి అడుగుతోంది.

"ఆవిడ ఏ చేత్తో అన్నం తినేవారండీ?"

"ఏ చెయ్యి నోటికి దగ్గరుంటే గా చేత్తోటి."

"కుడి చేయి అని రాసుకుంటానండీ. చుట్ట, బీడీ అలవాటుందా?"

"నాకున్నది. సచ్చింది ఆమె."

"బీపీ మాత్రలు వాడేవారా?"

"హుజూర్‌నగర్ల రాసిచ్చిండ్రు. ఆర్నెల్లు మింగింది. తలనొప్పి తగ్గిందని బంద్ వెట్టింది. ఇదంత ముందుగాలనే రాసుకున్నవ్ గదమ్మా. మూడుసార్లు అడిగితే మూడు జవాబులొస్తయా?"

"కొందరిళ్లల్లో వస్తాయండీ," అంది తల ఎత్తకుండానే. "మీ దగ్గరే గంటలతో సహా ఒకే మాట వస్తోంది. అందుకే బాబాయ్ గారూ, మీ దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తున్నాను."

బాబాయినట. నేను ఈమెకు ఏ వరసన బాబాయినో అర్థం కాలేదు.

గంటలు చెప్పడం నాకేం గొప్ప కాదు. నేను సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్‌ని. షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ దగ్గర నీళ్లు ఎన్ని అడుగులున్నాయో ఏ గంటకు చూశానో పుస్తకంలో రాయడం నా పని. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. దానికి ఆ మాత్రం ఉద్యోగం వచ్చింది. ఇరవై రెండేళ్లుగా గడియారం చూసుకుంటూ బతికాను. శాంతమ్మ పడిపోయింది సోమవారం పొద్దున పది ఇరవైకి. వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. చేతిలో చాట జారింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయింది. నన్ను పిలవబోయింది, నోరు ఒక పక్కకు పోయింది. పదకొండున్నరకు జీపులో మిర్యాలగూడ. అక్కడి డాక్టరు తల స్కాను తీయించాలి, అది హైదరాబాదులోనే ఉంది అన్నాడు. శాంతమ్మ తమ్ముడు సైదయ్య మిర్యాలగూడలోనే ఒక రైసు మిల్లులో బాయిలరు దగ్గర పని చేస్తాడు. మిల్లు వాళ్లను బతిమాలి వ్యాను తెచ్చాడు. స్కాను అయింది. తలలో ఎడమ పక్క రక్తం కారింది, ఆపరేషను పనికిరాదు అన్నారు. పెద్దాసుపత్రిలో మంచం ఖాళీ లేదు. అక్కడి డాక్టరే సూర్యాపేటలో తనకు తెలిసిన నర్సింగ్‌హోముకు చీటీ రాసిచ్చాడు. మంగళవారం మధ్యాహ్నం అక్కడ చేర్చాం. శుక్రవారం పగలు పన్నెండు గంటలకు పోయింది.

ఇది మూడుసార్లు చెప్పాను.

"స్కాను ఫిల్ము మీ దగ్గరే ఉండాలి కదా. ఇవాళైనా చూపిస్తారా?"

రెండుసార్లు లేదని అబద్ధం చెప్పాను. తీయబుద్ధి కాలేదు. ఈసారి తెచ్చి మంచం మీద పడేశాను. ఆమె వాకిట్లోకి పోయి ఎండకు అడ్డంగా పట్టుకుంది. బడి పిల్లల ప్లాస్టిక్ స్కేలు తీసి కొలిచింది. నల్లటి ఫిల్ములో పన్నెండు బొమ్మలున్నాయి. ఒక్కొక్కటీ కోసిన సొరకాయ చక్రంలా ఉంది.

"ఈ తెల్లటి మచ్చ రక్తం. కోడిగుడ్డంత. దీని చుట్టూ సన్నగా నల్ల అంచు ఉంది చూశారా? అది వాపు. మొదటి రోజు కాబట్టి ఇంతే ఉంది. రక్తం కారడం ఆగినా పని అయిపోదండీ. ఆ రక్తం అక్కడ గడ్డకట్టి, విరిగి, పక్కనున్న మంచి మెదడును పాడు చేస్తుంది. రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు, చుట్టూ నీరు పట్టి ఉబ్బుతుంది. చాలామంది మొదటి దెబ్బకు కాదు, ఆ రెండో దెబ్బకు పోతున్నారని నా అనుమానం. కానీ మన దగ్గర ఎవరికీ రెండో స్కాను లేదు. ఒక్కటి తీయించేటప్పటికే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఎప్పుడు ఉబ్బిందో పక్కనున్నవాళ్లు చెప్తేనే నాకు తెలిసేది."

"గింత చెప్పాల్నా? గండి వడ్డప్పుడు గిదే గద అయ్యేది," అన్నాను.

"ఏమిటండీ?"

అనవసరంగా నోరు జారాను. ఇప్పుడు చెప్పకపోతే వదలదు. "ఎనభై ఎనిమిదిల మా మేజరు కాల్వకు గండి వడ్డది. ఇసక బస్తాలేసి పొద్దుగూకే వరకు పూడ్సినం. ఇంజినీరు వచ్చి, శభాష్ అని, జీపెక్కి పోయిండు. మూడో నాడు పక్కకు ఇరవై గజాల కట్ట కుంగింది. నీళ్లు ఆగినయ్ గని, మట్టి నానుడు ఆగలేదు."

ఆమె గబగబా రాసుకుంది. ముఖం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో శవం లేచింది, ఈమెకు పాఠం దొరికింది.

"దీనికి మందున్నదా?"

"ఉబ్బు తగ్గించే సెలైను ఒకటుందండీ. కొన్ని గంటలు తగ్గిస్తుంది. మళ్లీ వస్తుంది. ఖాయంగా ఆపే మందు ఇంకా లేదు. విదేశాల్లో ఎలుకల మెదడులోకి రక్తం ఎక్కించి చూస్తున్నారు."

"ఎలుకలు బతుకుతున్నయా?"

"కొన్ని."

"మంచిదే. వాటి పెండ్లాలు అదృష్టవంతులు."

పక్కింట్లోంచి మా వదిన పిచ్చమ్మ గిన్నెలో పప్పు తెచ్చి గుమ్మంలో పెట్టింది. మా అన్న పోయినప్పటి నుంచి ఆమె అక్కడ ఒక్కతే, శాంతమ్మ పోయినప్పటి నుంచి నేను ఇక్కడ ఒక్కణ్నే. పూటకోసారి గిన్నె, గిన్నెతోపాటు తిట్టు.

"ఆడివిల్ల ఎండల వడి వస్తే మంచినీళ్లన్న ఇచ్చినవా? నీ మొగం సూస్తే కాల్వ నీళ్లు గూడ ఎన్కకు మళ్లుతయ్," అంటూ డాక్టరమ్మకు చెంబు అందించి, వెళ్లకుండా అక్కడే చతికిలబడింది.

అరుంధతి నీళ్లు తాగి, సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. అప్పుడు గొంతు మారింది. అంతవరకూ అడిగినవి అసలు ప్రశ్నలు కావని నాకు తెలిసిపోయింది.

"పోయిన వారం మిర్యాలగూడలో మీ బావమరిదిగారిని కలిశానండీ."

"వాడు నాకేం కాడు."

"బుధవారం సాయంత్రం నాలుగింటికి వాళ్లక్కకు చెంచాతో బత్తాయి రసం పట్టానని, పొలమారిందని, అప్పటినుంచే ఆవిడ కళ్లు తెరవలేదని చెప్పారు. 'నేనే సంపిన, గట్లనే రాసుకో' అన్నారు. కావాలంటే సంతకం చేసి ఇస్తానన్నారు."

"అబద్ధం చెప్పలే. గంతే రాసుకో."

అది నిజం. రసం పట్టాడు. పొలమారింది. ముఖం నల్లబడింది. శుక్రవారం శవాన్ని వ్యానులోకి ఎక్కిస్తుంటే అందరి ముందూ అన్నాను, నువ్వే సంపినవ్ అని. వాడు తల దించుకుని కాళ్ల వైపు పట్టి ఎక్కించాడు. తల్లి చనిపోతే వాణ్ని మూడేళ్ల వయసు నుంచి శాంతమ్మే పెంచింది. మాకు పిల్లలు లేరు. నా మెట్ట చెలక మూలన ఆమెను పూడ్చాం. పాస్టరు వచ్చి చేసిన సంవత్సరం ప్రార్థన నాడు వాడు పూలదండ పట్టుకుని వస్తే చెలక గట్టు ఎక్కనివ్వలేదు. దండ గట్టు మీదే పెట్టి పోయాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ తరిమాను. నా చెలక, నా ఇష్టం.

"గంతే రాస్తే నా లెక్క తప్పుతుందండీ," అంది డాక్టరమ్మ. "ఈ కాగితం చూడండి. మీ ఆవిడ కేసు షీటు. మంగళవారం, బుధవారం తెల్లవారుజాము వరకు ఒకటే రాసి ఉంది. ఆగకుండా కొట్టుకుంటోంది, ఎడమ చేత్తో గొట్టం పీకేస్తోంది, మంచానికి కట్టాలి అని. బుధవారం పొద్దున తొమ్మిదింటికి డాక్టరు రౌండు. అక్కడ ఒకే మాట ఉంది. ఇంప్రూవ్డ్. అంటే మెరుగైంది అని. పక్కన, భర్త చెప్పిన ప్రకారం అని ఉంది. పన్నెండింటికి ఉబ్బు తగ్గించే సెలైను ఆపేశారు. మెరుగైంది కదా అని. మీరు ఆ డాక్టరుతో ఏమన్నారండీ?"

నేను బీడీ వెతుక్కున్నాను. జేబులోనే ఉంది. అయినా వెతుక్కున్నాను.

"ఏమంటం? నిమ్మళంగున్నది అన్న."

"నిమ్మళం అంటే?"

"నిమ్మళం అంటే నిమ్మళమే. నీకు తెలుగు గూడ నేనే చెప్పాల్నా?"

"మా కోదాడలో నెమ్మదించింది అంటారండీ, జబ్బు తగ్గితే. మీరు తగ్గిందనే అన్నారా? లేక కొట్టుకోవడం ఆపి ఊరుకుంది అని అన్నారా?"

మా మాటలో రెండూ ఒకటే. జ్వరం విడిచినా నిమ్మళం, ఏడ్చే పిల్ల పడుకున్నా నిమ్మళం. రెండు రోజులు, రెండు రాత్రులు శాంతమ్మ ఒంటి చేత్తో నన్ను గుద్దింది, గోళ్లతో గీరింది, దుప్పటి చింపింది. నోట మాట లేదు, ఒకటే మూలుగు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని నా నడుము పడిపోయింది. బుధవారం పొద్దున చెయ్యి నా చేతిలో మెత్తబడింది. మూలుగు ఆగింది. గురక మొదలైంది. దేవుడా, పడుకున్నది అనుకున్నాను. డాక్టరు వచ్చాడు, గుమ్మంలోనే నిలబడి ఎట్లున్నది అన్నాడు. నిమ్మళంగున్నది సార్ అన్నాను. నవ్వాను కూడా.

"ఇలాంటి షీట్లు నా దగ్గర పదకొండున్నాయండీ," అంటోంది ఆమె. "రెండో రోజుకో మూడో రోజుకో మెరుగైంది అని రాసి ఉంటుంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో మనిషి ఉండదు. ఇదెక్కడి విడ్డూరం అని ఇల్లిల్లూ తిరిగాను. అన్ని ఇళ్లల్లోనూ ఇదే మాట. కొట్టుకునే మనిషి ఊరుకుంటే ఇంట్లో వాళ్లు నిమ్మళం అన్నారు. డాక్టర్లు ఇంప్రూవ్డ్ అని రాశారు. అది మెరుగు కాదండీ. మెదడు ఉబ్బి మనిషి మత్తులోకి జారడం. మీరొక్కరే కాదు. పదకొండు ఇళ్ల వాళ్లూ అదే పొరపాటు..."

"పదకొండు మంది అంటే? నా మాట పదకొండో పాలుకు తగ్గుతదా?"

ఆమె షీటు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"గా సెలైను బంద్ చెయ్యకుంటే బతికేదా?"

"చెప్పలేనండీ."

"గంత పెద్ద సదువు సదివి?"

"ఎంత చదివినా చెప్పలేనండీ. అంత పెద్ద గడ్డ. బహుశా బతికేది కాదు. రెండు రోజులు ఎక్కువ ఉండేదేమో. బతికేది అని చెప్తే అబద్ధం, బతికేది కాదు అని ఖాయంగా చెప్పినా అబద్ధమే."

"మరెందుకు తిరుగుతున్నవ్? ఎవలికి లాభం?"

"తర్వాత వచ్చేవాళ్లకు. ఊరుకున్న మనిషిని తట్టి లేపి చూడండి, లేవకపోతే అది నిమ్మళం కాదు అని ఇక్కడి డాక్టర్లకు చెప్పడానికి. బాబాయ్ గారూ, ఒక్కటే అడుగుతాను. ఆవిడ మత్తులోకి జారింది బుధవారం పొద్దునా, సాయంత్రం రసం పట్టాకా? పొద్దుననే అయితే అది వాపు. సాయంత్రమైతే రసం ఊపిరితిత్తుల్లోకి పోయి అనుకోవాలి. సైదయ్యగారు సాయంత్రం అంటున్నారు. ఆయన పగలు అక్కడ లేరు, ఆయనకు తెలియదు. మీకు తెలుసు."

నాకు తెలుసు. అది జరిగిన రోజు నుంచీ తెలుసు. నాలుగింటికి సైదయ్య బత్తాయిలు పట్టుకుని వచ్చి, బావా, ఎట్లున్నది అన్నాడు. నిమ్మళమైంది, నోట్లె ఏదన్న వొయ్యి, రెండు దినాలాయె అన్నాను. వాడు పట్టాడు. వాడు చెంచా పెట్టేటప్పటికే ఎనిమిది గంటల నుంచి ఆమె కన్ను తెరవలేదు.

"తెల్వది," అన్నాను. "యాదికి లేదు. ఇగ పో."

మా వదిన లేచింది. "తెల్వదా? నీకు తెల్వదా? కాల్వల నీళ్లు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చినయో పదేండ్లది చెప్తవ్. నీ పెండ్లాం కండ్లు ఎప్పుడు మూసిందో తెల్వదా? ఆ పోరడు నాలుగేండ్ల సంది నీ చెలక గట్టు కాడ దొంగోని లెక్క నిలవడి పోతుండు. పండుగకు మా ఇంటికొస్తే బుక్కెడు తినడు. ఎందుకురా అంటే నేను మా అక్కను సంపినోన్ని పెద్దక్కా అంటడు. తెల్వదంట!"

"నువ్వు లోపలికి వో వదినా."

"పోను. నీ జాగల ఉంటున్ననా?"

డాక్టరమ్మ కలం పట్టుకుని అలాగే ఉంది. నేను ఆ కలం లాక్కున్నాను. ఆమె నోటుబుక్కు కూడా. నేనే రాశాను. బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు మత్తు. గురక. పిలిస్తే పలకలేదు. నిమ్మళంగా ఉన్నదని డాక్టరుకు చెప్పినది నేను. సాయంత్రం నాలుగు గంటలకు రసం పట్టమన్నది నేను. కింద సంతకం చేశాను.

ఆమె చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి నా ముఖం చూసింది.

"సైదయ్యగారికి ఈ మాట నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"నువ్వు చెప్తే డాక్టరు ఓదార్పు అయితది. వాడు నమ్మడు."

ఆ వచ్చే బుధవారం డ్యూటీ మార్చుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు గేటు దగ్గర ఎవరు కావాలి అన్నారు. చెప్పాను. మరలు ఆడుతున్నాయి. తవుడు దుమ్ము, ఉడికిన వడ్ల వాసన. సైదయ్య బాయిలరు నోట్లోకి పారతో ఊక తోస్తున్నాడు. నన్ను చూసి పార ఆపలేదు.

"మీ అక్క రసంతోటి సావలే," అన్నాను.

"ఏందీ? ఇనవడ్త లేదు!"

"మీ అక్క రసంతోటి సావలేదురా!"

"జర గట్టిగ చెప్పు, మర ఆడుతుంది!"

ఈ మాట చెవిలో చెప్పడానికి ఇంత దూరం వచ్చాను. చివరికి గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది. "పొద్దుగాలనే మత్తుల వడ్డది! నేను నిమ్మళమని చెప్పిన! నీకు పొయ్యిమని చెప్పింది నేనే! తప్పు నాది!"

బస్తాలు మోసే హమాలీలు నలుగురు ఆగి చూశారు. ఒకడు నవ్వాడు. సైదయ్య పార కింద పెట్టి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుని, నన్ను ఊక కుప్ప వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ కొంచెం వినబడుతుంది.

"ఎవరు చెప్పిండ్రు?"

"డాక్టరమ్మ కాగితాలు తీసింది."

"ఆమె నా కాడికి గూడ వచ్చింది. నువ్వు పొయ్యిమన్నది కాగితంల ఉన్నదా?"

"లేదు."

"మరి గదెప్పుడు యాదికొచ్చింది నీకు?"

నేను చొక్కా మీది ఊక దులుపుకున్నాను. వాడే చెప్పాడు.

"మొదటి సంది యాదికున్నది. అవునా?"

"అవును."

వాడు ఏడుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "నాకు గూడ యాదికున్నది బావా," అన్నాడు. "నువ్వు పొయ్యిమన్నవని. ఒక్కరోజన్న నువ్వే అంటవేమో అని చూసిన. మూడుసార్లు అందుకే వచ్చిన గట్టు కాడికి. నేనే అంటే, పెండ్లాం పోయినోని మీద నిందేసినట్టు అయితదని నోరు మూసుకున్న."

లోపల్నుంచి ఎవరో ఆవిరి తగ్గుతోందని కేకేశారు. వాడు తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

"డాక్టరమ్మ నా పేరు కొట్టేసిందా?"

"ఆమె పుస్తకంల ఎవరి పేర్లు ఉండయట. నంబర్లే. మీ అక్కది పద్నాలుగు."

"పద్నాలుగు," అన్నాడు. "థూ."

నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆదివారం నాకు సెలవు. పదకొండింటికి అక్క కాడికి వస్త. పూలు తెస్త. నువ్వు ఆడ ఉండకు."

"ఉండ."

"మీ వదినకు గూడ చెప్పు, వంటలు గింటలు పెట్టుకోవద్దని. నీ ఇంట్ల నేను తినను."

"నేనేమన్న తినమన్ననా?"

వాడు పోయి పార తీసుకున్నాడు.

ఆదివారం పది గంటలకు నేను ఇంటికి తాళం వేసి కాలువ మీదికి పోయాను. ఆ రోజు షట్టర్ల దగ్గర పనేమీ లేదు. సాయంత్రం అయిదు దాకా అక్కడే ఉన్నాను.